‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’: పాఠకాభిప్రాయ భేదాల చరిత్ర (1954–2003)

వ్యాససంగ్రహం:

జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954–55లో మూడు సంపుటాలుగా వెలువడింది. మహాకావ్యంతో పోల్చదగినదని కొందరు, పిల్లల కథ హద్దు మీరి పెరిగినదని మరికొందరు తొలినాటి నుండే ఈ నవల గురించి వాదించుకొన్నారు. ఈ వ్యాసం ఆ వాదాన్ని తొలి సమీక్షల నుండి 2003 నాటి పాఠకుల ఎన్నిక వరకు కాలక్రమంలో పరిశీలిస్తుంది. ఇరుపక్షాలవారు నవలలో గుర్తించిన లక్షణాలు చాలావరకు ఒకటేననీ, వాటికి విలువ కట్టడానికి ఎంచుకొన్న కొలమానాలే వేరనీ నిరూపించడం దీని ఉద్దేశం. కొలమానం మారితే తీర్పు మారుతుందన్నది నిజమే అయినా, ప్రతి అభిప్రాయాన్నీ మూలపాఠంతో సరిచూడవలసిన అవసరం తొలగిపోదని కూడా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టోల్కీన్, ఫాంటసీ నవల, పాఠకస్పందన, సమీక్షాచరిత్ర, సాహిత్యవిలువ, ప్రక్రియాభేదం.

1. ప్రవేశిక:

ఏ రచననైనా మెచ్చేవారూ మెచ్చనివారూ ఉంటారు. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఆ భేదం సాధారణంగా సద్దుమణుగుతుంది. రచన మరుగున పడిపోవడమో, పాఠ్యాంశంగా స్థిరపడి గౌరవం పొందడమో జరుగుతుంది. టోల్కీన్ నవల విషయంలో ఈ రెండూ జరగలేదు. యాభై ఏళ్ల తర్వాత కూడా అది పాఠకుల ఎన్నికల్లో ప్రథమస్థానంలో నిలిచింది. అదే సమయంలో పేరుపొందిన విమర్శకుల తిరస్కారానికీ గురైంది. లోకులందరి రుచి ఒకటి కాదన్న నానుడితో ఈ పరిస్థితిని సరిపెట్టుకోవడం సులభమే. కానీ రుచిభేదం ఉన్నదని చెప్పడం వేరు, అది ఎందుకు ఇంత తీవ్రంగా, ఇంతకాలం కొనసాగిందో చెప్పడం వేరు.

వాదానికి ఆధారమైన కథను ముందుగా క్లుప్తంగా చెప్పుకోవాలి. షైర్ అనే ప్రశాంతమైన పల్లెసీమలో నివసించే హాబిట్లు పొట్టిమనుషులు. వారిలో ఒకడైన ఫ్రోడోకు వారసత్వంగా ఒక ఉంగరం దక్కుతుంది. మోర్డోర్ అధిపతి సౌరాన్ తన శక్తిలో అధికభాగాన్ని నింపి చేసిన ఉంగరమది. దానిని ధరించి శత్రువును జయించాలనుకొన్నవాడు చివరకు తానే మరో సౌరాన్ అవుతాడు. అందువల్ల ఆ ఉంగరం పుట్టిన అగ్నిపర్వతంలోనే దానిని నాశనం చేయాలని పెద్దలు నిర్ణయిస్తారు. సాహసగాథల్లో నాయకుడు సాధారణంగా ఒక అపురూప వస్తువును సాధించడానికి బయలుదేరుతాడు. ఇక్కడ నాయకుడు చేతిలో ఉన్నదానిని వదిలించుకోవడానికి బయలుదేరుతాడు. తరువాతి అభిప్రాయభేదాల్లో చాలావాటికి మూలం ఈ విపర్యయంలోనే ఉంది.

భారతీయ అలంకారశాస్త్రం రసానుభూతికి సహృదయుని అర్హతను ముఖ్యంగా భావించింది. కావ్యాభ్యాసం వల్ల మనసు నిర్మలమై, వర్ణ్యవస్తువుతో తన్మయం కాగలవాడే సహృదయుడు. ఆధునిక కాలంలో జర్మన్ విమర్శకుడు హన్స్ రాబర్ట్ యాస్ 1967లో మరొక కోణాన్ని ముందుకు తెచ్చాడు. పాఠకుడు పుస్తకం తెరవకముందే కొన్ని అంచనాలతో సిద్ధంగా ఉంటాడనీ, రచన చరిత్ర అంటే ఆ అంచనాలకూ రచనకూ మధ్య తరతరాలుగా జరిగిన సంవాదమనీ అతని సిద్ధాంతసారం. మొదటిది పాఠకుని అర్హతను అడుగుతుంది. రెండవది అతని కాలాన్ని, చదువును, అలవాట్లను అడుగుతుంది. ప్రస్తుత పరిశీలనకు రెండవ ప్రశ్న ప్రధానం.

2. అచ్చుకు ముందే మొదలైన భేదం:

టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీనాంగ్ల భాషాసాహిత్యాల ఆచార్యుడు. 1937 సెప్టెంబరులో వెలువడిన ఆయన బాలల పుస్తకం ‘ది హాబిట్’ విజయవంతం కావడంతో ప్రచురణకర్తలు దానికి కొనసాగింపు అడిగారు. ఆ ఏడాది డిసెంబరులో మొదలైన రచన 1949 నాటికి గాని పూర్తి కాలేదు. అప్పటికి అది బాలల పుస్తకపు పరిధిని దాటిపోయింది. పిల్లల కథకు కొనసాగింపుగా పుట్టి పెద్దల గాథగా ఎదగడం రచన జన్మలోనే ఉన్న ద్వంద్వం. దానిని ఏ అరలో ఉంచాలన్న సందేహం విమర్శకులకు రావడంలో ఆశ్చర్యం లేదు.

రచన సాగుతున్న కాలంలోనే శ్రోతలు రెండుగా చీలారు. టోల్కీన్ తన అధ్యాయాలను ‘ఇంక్లింగ్స్’ అనే మిత్రబృందంలో చదివి వినిపించేవాడు. అక్కడ సి. ఎస్. లూయిస్ ఆ రచనకు అత్యంత ఉత్సాహవంతుడైన శ్రోత. అదే బృందంలోని హ్యూగో డైసన్‌కు ఆ కథ ఏమాత్రం రుచించలేదు. అతడు ఉన్నప్పుడు దానిని చదవడం మానుకోవలసివచ్చేంతగా అతని అభ్యంతరం సాగింది. ఇద్దరూ ఆంగ్లసాహిత్య బోధకులే, ఒకే గదిలో కూర్చున్న మిత్రులే. కాబట్టి పండితులకు, సామాన్యులకు మధ్య వచ్చిన తగవుగా మాత్రమే ఈ భేదాన్ని చూడడం మొదటినుండీ కుదరదు.

ప్రచురణసంస్థ జార్జ్ అలెన్ అండ్ అన్విన్ కూడా పుస్తకానికి ఎవరు పాఠకులవుతారో తేల్చుకోలేకపోయింది. నష్టం వెయ్యి పౌండ్ల వరకు రావచ్చని అంచనా వేసుకొని, అయినా ప్రచురించదగిన రచన అని రేనర్ అన్విన్ భావించాడు. ఖర్చులు రాబట్టుకొనేదాకా రచయితకు ఏమీ ముట్టదు, ఆపైన లాభాన్ని చెరిసగం పంచుకోవాలి అన్నది ఒప్పందం. యుద్ధానంతర కాలపు కాగితం ధరల వల్ల ఒకే నవలను మూడు సంపుటాలుగా విడదీశారు. మొదటి సంపుటం 1954 జులై 29న, రెండవది నవంబరు 11న, మూడవది 1955 అక్టోబరు 20న వచ్చాయి. ఒక్కో సంపుటం వెల 21 షిల్లింగులు. తొలి ముద్రణలో మొదటి సంపుటానికి 3,000, రెండవదానికి 3,250, మూడవదానికి 7,000 ప్రతులు వేశారు. ఏడాదిలోనే పాఠకుల సంఖ్య పెరిగిందనడానికి ఈ అంకెలే సాక్ష్యం.

పుస్తకం పైఅట్టపై వేసిన ప్రశంసలు తరువాతి వాదానికి దారి తీశాయి. లూయిస్ దానిని ఇటలీ కవి అరియోస్టోతో, రిచర్డ్ హ్యూస్ స్పెన్సర్ కావ్యంతో, నయోమీ మిచిసన్ మాలరీ గాథలతో పోల్చారు. ఈ ముగ్గురూ నవలాకారుల పేర్లు ఎత్తలేదు. ప్రాచీన కథాకావ్యకర్తల పేర్లే ఎత్తారు. పుస్తకాన్ని ఏ కొలమానంతో చదవాలో పాఠకునికి ముందుగానే సూచించే ప్రయత్నమిది. ఆ సూచనను అంగీకరించినవారు ఒక దారిన, నిరాకరించినవారు మరో దారిన వెళ్లారు.

3. తొలి సమీక్షలు: ఒకే లక్షణం, రెండు తీర్పులు:

1954 ఆగస్టులో లూయిస్ ‘టైమ్ అండ్ టైడ్’ పత్రికలో రాసిన సమీక్ష నవలను వీరగాథాసంప్రదాయపు పునరాగమనంగా స్వాగతించింది. అదే నెలలో ‘ది అబ్జర్వర్’ పత్రికలో కవి ఎడ్విన్ మ్యూర్ భిన్నంగా స్పందించాడు. పైఅట్ట మీది ప్రశంసల భారాన్ని మహత్తర కృతి తప్ప మరేదీ తట్టుకోలేదనీ, అందువల్ల ఈ పుస్తకం ప్రతికూలస్థితిలోనే లోకంలోకి వచ్చిందనీ అతడు వ్యాఖ్యానించాడు. రచయిత కల్పనాశక్తిని మెచ్చుకొంటూనే, పాత్రల్లో మంచివారు మొదటినుండి చివరిదాకా మంచివారుగా, చెడ్డవారు చెడ్డవారుగా ఉండిపోయారని ఆక్షేపించాడు. 1955 నవంబరులో మూడవ సంపుటాన్ని సమీక్షిస్తూ తన విమర్శను మరింత పదును పెట్టాడు. ఇందులోని వీరులందరూ పెద్దల వేషం వేసుకొన్న బాలురనీ, భీకరయుద్ధం చేసి కూడా చివరకు క్షేమంగా, ఆనందంగా ఇల్లు చేరతారనీ, స్త్రీల గురించి వారికి తెలిసింది వినికిడి మాత్రమేననీ అతని అభిప్రాయం.

అమెరికాలో కవి డబ్ల్యు. హెచ్. ఆడెన్ 1954 అక్టోబరులోనూ, 1956 జనవరిలోనూ ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికకు సమీక్షలు రాశాడు. విద్యార్థిదశలో ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్ ఉపన్యాసాలు విన్నవాడతడు. ఇంత తీవ్రమైన వాదోపవాదాలకు గురైన పుస్తకం తన ఎరుకలో అరుదనీ, దీనిపై మధ్యేమార్గపు అభిప్రాయం ఉన్నవారే కనబడరనీ రెండవ సమీక్షలో పేర్కొన్నాడు. వ్యతిరేకుల్లో తాను గౌరవించే సాహిత్యజ్ఞులు కూడా ఉన్నారని అతడే ఒప్పుకోవడం గమనార్హం. మంచిచెడుల సంఘర్షణను అన్వేషణకథ రూపంలో చిత్రించడం ఎంత కష్టమో వివరించి, ఆ పనిని టోల్కీన్ సాధించాడని తీర్పు చెప్పాడు. చెడు తనకంటే భిన్నమైన మనసును ఊహించలేదనీ, ఉంగరాన్ని ఎవరైనా నాశనం చేయాలనుకొంటారన్న తలంపే సౌరాన్‌కు రాదనీ, అందులోనే మంచికి అవకాశం ఉన్నదనీ అతని విశ్లేషణ.

ఆడెన్ రెండవ సమీక్ష వచ్చిన మూడు నెలలకే, 1956 ఏప్రిల్ 14న, ‘ది నేషన్’ పత్రికలో ఎడ్మండ్ విల్సన్ సమీక్ష వెలువడింది. ఆనాటి అమెరికా విమర్శకుల్లో విల్సన్ అగ్రగణ్యుడు. ఆధునికతావాద సాహిత్యాన్ని పాఠకలోకానికి పరిచయం చేసిన వ్యాఖ్యాత. తన ఏడేళ్ల కుమార్తెకు నవలంతటినీ బిగ్గరగా చదివి వినిపించినట్లు చెప్పుకొన్నాడు. బాలల పుస్తకం అదుపు తప్పి పెరిగి ఇలా తయారైందనీ, వచనం గాని పద్యం గాని వృత్తినైపుణ్యం లేనివనీ, భూతప్రేతాలు ఏవీ నిజంగా భయపెట్టవనీ తీర్పునిచ్చాడు. పేరున్న రచయితలు దీనిని ఎందుకు పొగిడారన్న ప్రశ్నకు, బాల్యంనాటి చవకరుచులు కొందరిని, విశేషించి బ్రిటన్‌లో, జీవితాంతం వదలవన్నది అతని సమాధానం. ఆ సమీక్షలో గాండాల్ఫ్ పేరు వర్ణక్రమం ఆద్యంతం తప్పుగా పడింది. టోల్కీన్ అభిమానులు ఈ సంగతిని అతని అజాగ్రత్తకు నిదర్శనంగా తరువాతి కాలంలో తరచు ఉదాహరించారు.

ఈ సమీక్షలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పాత్రల అంతరంగ విశ్లేషణ తక్కువ, భాష ప్రాచీనచ్ఛాయలతో కూడినది, ప్రకృతివర్ణన విస్తారమైనది, నైతిక పక్షాలు స్పష్టమైనవి అన్న విషయాల్లో వారికి పెద్దగా భేదం లేదు. నవలంటే మనిషి మనసులోని చీకటి వెలుగుల చిత్రణ అని భావించినవారికి ఇవన్నీ లోపాలుగా తోచాయి. వీరగాథల్లో పాత్ర స్వభావం దాని క్రియలోనే వ్యక్తమవుతుందని ఎరిగినవారికి అవే లక్షణాలు ప్రక్రియాధర్మాలుగా కనిపించాయి. ఎల్ఫ్, డ్వార్ఫ్, హాబిట్ వంటి వేర్వేరు జాతులను పక్కపక్కన నిలపడం ద్వారా ఒకే మనిషిలోని గుణాలను బయటకు తెచ్చి చూపారని లూయిస్ వాదించిన తీరు ఈ రెండవ దృష్టికి ఉదాహరణ.

ఈ సందర్భంలో రచయిత వైఖరి ఆలోచించదగినది. ఈ పుస్తకాన్ని ఇష్టపడనివారి సాహిత్యాభిరుచిని ఇక ఏ విషయంలోనూ నమ్మనని ఆడెన్ 1955లో రేడియో ప్రసంగంలో ప్రకటించాడు. అంత పెద్ద ప్రశంసకు టోల్కీన్ సంతోషించలేదు. తన పుస్తకాన్ని అభిరుచికి గీటురాయిగా చేయడాన్ని ఆ ఏడాది డిసెంబరులో రాసిన ఒక లేఖలో నిరసించాడు. ఏ రచననూ అలా గీటురాయిగా వాడలేమనీ, వాడబోతే ఎదుటివారికి కోపం తెప్పించడమే మిగులుతుందనీ అతని భావం. ఆ తరువాతి చరిత్ర అతని మాటను నిజం చేసింది.

4. మూలపాఠం ఎదుట అభిప్రాయం:

కొలమానాలు వేరైనప్పుడు తీర్పులు వేరుకావడం సహజమని ఒప్పుకొంటే, అన్ని అభిప్రాయాలూ సమానమేనా అన్న ప్రశ్న తలెత్తుతుంది. విలువకు సంబంధించిన అభిప్రాయం వేరు, వస్తువుకు సంబంధించిన ప్రకటన వేరు. రెండవదానిని గ్రంథంతో సరిచూడవచ్చు.

మంచివారు మంచివారుగానే ఉండిపోయారన్న మ్యూర్ ఆక్షేపణను తీసుకొందాం. బోరొమిర్ ధర్మపక్షపు వీరుడు. ఉంగరంపై ఆశతో ఫ్రోడోపై చేయి చేసుకొంటాడు, పశ్చాత్తాపంతో మరణిస్తాడు. సరుమాన్ జ్ఞానుల సభకు అధ్యక్షుడు, అధికారకాంక్షతో పతనమవుతాడు. డెనెథార్ శత్రువుకు లొంగకపోయినా నిరాశకు లొంగుతాడు. గొల్లమ్ దుష్టుడే, కానీ ఒక సందర్భంలో నిద్రిస్తున్న ఫ్రోడోను చూసి మారబోయినంత పని చేస్తాడు. ఆ క్షణంలో శామ్ పలికిన కఠినవాక్యం వల్ల ఆ అవకాశం చేజారిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది పతాకసన్నివేశం. గమ్యం చేరిన ఫ్రోడో ఉంగరాన్ని అగ్నిలో వేయలేక, అది తనదేనని ప్రకటిస్తాడు. గొల్లమ్ అతని వేలు కొరికి ఉంగరాన్ని లాక్కొని, అదుపు తప్పి అగ్నిలో పడడం వల్లనే కార్యం నెరవేరుతుంది. నాయకుడు చివరి పరీక్షలో ఓడిపోతాడు. పూర్వం గొల్లమ్‌ను చంపక వదిలిన దయే లోకాన్ని కాపాడుతుంది.

వీరులందరూ ఆనందంగా ఇల్లు చేరారన్నది కూడా గ్రంథసమ్మతం కాదు. తిరిగివచ్చేసరికి షైర్ సీమ దోపిడీకి గురై, చెట్లు నరికివేతకు గురై ఉంటుంది. దానిని హాబిట్లు బాగుచేసుకొంటారు గాని ఫ్రోడో గాయం మాత్రం మానదు. తాను కాపాడిన నేలపై తాను సుఖంగా బతకలేక సముద్రం దాటి వెళ్లిపోతాడు. 1916లో సోమ్ యుద్ధరంగంలో పనిచేసి వచ్చిన రచయిత యుద్ధశేషాన్ని ఇలా చిత్రించడం యాదృచ్ఛికం కాదని తరువాతి పరిశోధకులు భావించారు.

సామాన్యపాఠకుల్లో కొందరు ఈ విషయాన్ని సమీక్షకులకంటే సూటిగా పట్టుకొన్నారు. ఫ్రోడోను సన్మానించడం తప్పు, ద్రోహిగా మరణశిక్ష వేయవలసింది అని ఒక పాఠకుడు కోపంతో ఉత్తరం రాసినట్లు 1956 నాటి టోల్కీన్ లేఖవల్ల తెలుస్తుంది. మనిషి శక్తికి మించిన ఒత్తిడి ముందు ఓడిపోవడం నైతికపతనం కాదని రచయిత సమాధానం. ఆ పాఠకుని తీర్పు కఠినమైనదే. అయినా నాయకుడు విఫలమయ్యాడన్న సత్యాన్ని అతడు గుర్తించాడు. అంతా శుభంగా ముగిసిందన్న సమీక్షకుడు గుర్తించలేదు.

అయితే మ్యూర్ విమర్శలో మూలపాఠం బలపరిచే అంశం కూడా ఉంది. నవలలో ప్రాధాన్యం గల స్త్రీపాత్రలు కొద్ది. ఆరగోర్న్, ఆర్వెన్‌ల ప్రణయకథ ప్రధానకథలో కాక అనుబంధంలో చోటు చేసుకొంది. 1969లో కాథరిన్ స్టింప్సన్ తన చిన్న పుస్తకంలో ఈ అంశాన్నీ, శైలిలోని కృత్రిమతనూ తీవ్రంగా విమర్శించింది. ఇంట బంధింపబడడమే తన భయమని చెప్పుకొనే ఎయోవిన్ పాత్రను చూపి సమర్థకులు బదులు చెప్పవచ్చు. కానీ ఒక పాత్ర బలం మొత్తం లోటును పూడ్చదు. ఒకే విమర్శకుని మాటల్లో ఒకటి నిలిచి, మరొకటి వీగిపోవడం మూలపాఠంతో సరిచూసినప్పుడే బయటపడుతుంది.

5. పేపర్‌బ్యాక్ తెచ్చిన కొత్త పాఠకులు:

1961 ఆగస్టులో ‘ది అబ్జర్వర్’ పత్రికలో ఫిలిప్ టాయిన్‌బీ టోల్కీన్ పుస్తకాలపై ఉత్సాహం చల్లారిందనీ, అవి విస్మృతిలో కలిసిపోయాయనీ సంతృప్తితో ప్రకటించాడు. నాలుగేళ్లు తిరక్కముందే పరిస్థితి తారుమారైంది. 1965లో ఏస్ బుక్స్ సంస్థ రచయిత అనుమతి లేకుండా అమెరికాలో ఒక్కో సంపుటం 75 సెంట్లకు పేపర్‌బ్యాక్‌గా విడుదల చేసింది. విదేశంలో అచ్చయిన ప్రతుల దిగుమతిపై ఆనాటి అమెరికా చట్టంలో ఉన్న పరిమితిని ఆధారం చేసుకొని, ఈ నవలకు అక్కడ హక్కుల రక్షణ లేదని ఆ సంస్థ వాదించింది. దానికి పోటీగా బాలంటైన్ సంస్థ రచయిత సవరించిన అధీకృత ముద్రణను అదే ఏడాది 95 సెంట్లకు తెచ్చింది. ఈ వివాదం పత్రికలకెక్కి పుస్తకానికి అపారమైన ప్రచారం కలిగించింది. చివరకు ఏస్ సంస్థ రచయితకు సొమ్ము చెల్లించి, తన ముద్రణను నిలిపివేసింది.

వెల తగ్గడంతో పాఠకుడు మారాడు. గట్టి అట్టతో మూడు సంపుటాలు కొనగల పాఠకుని స్థానంలో కళాశాల విద్యార్థి వచ్చాడు. 1965లోనే అమెరికాలో టోల్కీన్ సంఘం ఏర్పడింది. 1969లో బ్రిటన్‌లో టోల్కీన్ సొసైటీ మొదలైంది. గాండాల్ఫ్‌ను దేశాధ్యక్షుణ్ణి చేయాలని, ఫ్రోడో బతికే ఉన్నాడని చెప్పే బిళ్లలు విద్యార్థుల చొక్కాల మీద కనిపించాయి. యుద్ధవ్యతిరేకత, యంత్రనాగరికతపై విముఖత, ప్రకృతిప్రేమ పెల్లుబికిన ఆ తరానికి, చెట్లు కదలివచ్చి సరుమాన్ కార్ఖానాలను కూల్చే ఘట్టం తమ కథగానే తోచింది. కేథలిక్ విశ్వాసి, సంప్రదాయాభిమాని అయిన రచయితకు ఈ కొత్త అభిమానుల జీవనరీతి అపరిచితం. రచయిత ఆశించిన పాఠకుడు, రచనకు దొరికిన పాఠకుడు ఒకరే కానవసరం లేదని ఈ దశ తెలియజేస్తుంది.

అధీకృత ముద్రణకు రాసిన ముందుమాటలో టోల్కీన్ ఈ అభిప్రాయభేదాన్ని నేరుగా ప్రస్తావించాడు. తన పుస్తకం విసుగు పుట్టించేదనో, హాస్యాస్పదమైనదనో అన్నవారిపై తనకు ఫిర్యాదు లేదనీ, వారి రచనల గురించీ వారు మెచ్చే రచనల గురించీ తన అభిప్రాయమూ అలాంటిదేననీ చమత్కరించాడు. కొందరు తప్పుపట్టిన ఘట్టాలనే మరికొందరు ప్రత్యేకంగా మెచ్చుకొన్నారని కూడా గుర్తించాడు. అన్యాపదేశం తనకు రుచించదని స్పష్టం చేశాడు. రచయిత ఉద్దేశాన్ని పాఠకునిపై రుద్దడానికీ, పాఠకుడు తన అనుభవానికి రచనను అన్వయించుకోవడానికీ గల తేడాను ఎత్తిచూపి, రెండవదానికి పూర్తి స్వేచ్ఛనిచ్చాడు.

6. ఒకే గ్రంథం, పరస్పరవిరుద్ధ రాజకీయాలు:

ఆ స్వేచ్ఛ ఎంతదూరం పోగలదో 1970ల నుండి వివిధ దేశాల్లో కనిపించింది. ఇటలీలో 1970 నాటి సంపూర్ణ ముద్రణకు ఎలెమీరే జొల్లా రాసిన పీఠిక నవలను ఆధునికతకు ఎదురునిలిచిన సంప్రదాయ ప్రతీకగా చూపింది. 1977లో అక్కడి నవ్యఫాసిస్టు పార్టీ యువజనులు తమ శిబిరానికి హాబిట్ పేరే పెట్టుకొన్నారు. అమెరికాలో వామపక్ష యువత చేతిలో ఉన్న పుస్తకమే ఇటలీలో తీవ్ర మితవాదుల చేతికి చేరింది.

బ్రిటన్‌లో ఫాంటసీ రచయిత మైకేల్ మూర్‌కాక్ 1978లో ప్రచురించిన వ్యాసంలో వామపక్ష దృష్టితోనే నవలను ఖండించాడు. గ్రామీణ మధ్యతరగతి నెమ్మదితనాన్ని ఆదర్శంగా చూపి, పాఠకుణ్ణి ప్రశ్నించకుండా జోకొట్టే రచన అని అతని ఆరోపణ. అదే ప్రక్రియలో పేరొందిన అమెరికా రచయిత్రి అర్సులా లెగ్విన్ మాత్రం టోల్కీన్‌ను గౌరవంతో సమర్థించింది. ఫ్రోడో, శామ్, గొల్లమ్‌లను విడివిడి మనుషులుగా కాక ఒకే మనసులోని అంశాలుగా కలిపి చదివితే మనోవిశ్లేషణ లేదన్న ఆరోపణ నిలవదని ఆమె వాదం.

రష్యాలో వచ్చిన ప్రతిస్పందన మరింత విలక్షణమైనది. సోవియట్ కాలంలో 1982లో మొదటిభాగపు సంక్షిప్తానువాదం వెలువడింది. 1999లో పురాజీవశాస్త్రవేత్త కిరిల్ యెస్కోవ్ తన విమర్శను నవలగానే రాశాడు. ‘ది లాస్ట్ రింగ్‌బేరర్’ అనే ఆంగ్లనామంతో ప్రసిద్ధమైన ఆ రచనలో మోర్డోర్ విజ్ఞానం వైపు నడుస్తున్న దేశం; మూలకథ గెలిచినవారు రాయించుకొన్న చరిత్ర. ఇతిహాసాన్ని ఓడినవారి పక్షం నుండి తిరగరాయడం తెలుగు సాహిత్యవిద్యార్థులకు కొత్త కాదు. ఓర్క్‌లు పుట్టుకతోనే దుష్టులా, అలా ఒక జాతినంతటినీ దుష్టజాతిగా చిత్రించడం న్యాయమా అన్న ప్రశ్న ఇటువంటి పఠనాలకు మూలం. ఈ ప్రశ్న రచయితనూ వేధించింది. ఓర్క్‌ల ఉత్పత్తి గురించి జీవితపు చివరి దశాబ్దాల్లో అతడు పరస్పరభిన్నమైన వివరణలు రాసుకొన్నాడు. వాటిలో ఏదీ తుదిరూపం పొందలేదు.

7. ఎన్నిక, ఆగ్రహం, అధ్యయనం:

1997 జనవరిలో బ్రిటన్‌లోని వాటర్‌స్టోన్స్ పుస్తక విక్రయసంస్థ, చానెల్ 4 కలిసి నిర్వహించిన శతాబ్దపు ఉత్తమగ్రంథాల ఎన్నికలో 25 వేలకు పైగా పాఠకులు పాల్గొన్నారు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటిస్థానంలో నిలిచింది. జార్జ్ ఆర్వెల్ నవలలు రెండు, జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’ దాని వెనుకకు పోయాయి. స్త్రీవాద రచయిత్రి జర్మైన్ గ్రియర్ దీనిపై స్పందిస్తూ, టోల్కీన్ శతాబ్దపు అత్యంత ప్రభావశీల రచయిత అవుతాడేమోనని 1964లో కేంబ్రిడ్జ్ చేరిన నాటి నుండి తాను భయపడుతున్నాననీ, ఆ పీడకల నిజమైందనీ రాసింది. ఓట్లు అభిమాన సంఘాల కుట్ర అన్న అనుమానాలూ వినిపించాయి. కానీ ఫోలియో సొసైటీ సభ్యుల మధ్య జరిగిన ఎన్నికలోనూ ఫలితం అదే. 2003లో బీబీసీ నిర్వహించిన ‘బిగ్ రీడ్’ ఎన్నికలోనూ ఈ నవలే మొదట నిలిచింది. అయితే 2001–2003 మధ్య విడుదలైన పీటర్ జాక్సన్ చలనచిత్రాల ప్రభావం ఆ చివరి ఎన్నికపై ఉండడానికి అవకాశముంది. 1997 ఫలితానికి ఆ వివరణ వర్తించదు.

ఈ ఎన్నికలు నవల గొప్పదని నిరూపించలేదు. ఎక్కువమంది ఇష్టపడడం సాహిత్యవిలువకు ప్రమాణమైతే విమర్శ అవసరమే ఉండదు. అవి నిరూపించింది మరొకటి. మూడు తరాల పాఠకులను కట్టిపడేసిన రచనను వివరించే పరికరాలు ప్రధానస్రవంతి విమర్శ వద్ద లేవు; ఆ లోటును అది పాఠకుల అపరిపక్వతగా లెక్కవేసింది. విల్సన్ 1956లో ఇచ్చిన వివరణకూ, 1997 నాటి ఆగ్రహానికీ మధ్య పెద్ద తేడా లేదు.

అధ్యయనరంగంలో మాత్రం పరికరాలు క్రమంగా తయారయ్యాయి. టామ్ షిప్పీ 1982లో ప్రచురించిన గ్రంథం నవల మూలాలను భాషాచరిత్రలో వెదికింది. పేర్లు, పదాలు, లుప్తమైన గాథల శకలాల నుండి కథ ఎలా పుట్టిందో వివరించి, అలంకారంగా తోచిన ప్రాచీనశైలి నిజానికి కథానిర్మాణంలో భాగమని చూపింది. 2000లో వెలువరించిన మరో గ్రంథంలో, యుద్ధాన్ని చవిచూసిన ఆర్వెల్, గోల్డింగ్ వంటివారు కూడా చెడును వివరించడానికి వాస్తవికతను విడిచి కాల్పనికరీతులను ఆశ్రయించారనీ, టోల్కీన్‌ను వారి సరసన చదవాలనీ అతడు ప్రతిపాదించాడు. 1983లో వెర్లిన్ ఫ్లీగర్ గ్రంథం టోల్కీన్ కల్పనాజగత్తులో కాంతికీ భాషకూ గల సంబంధాన్ని విశ్లేషించింది. ఈ పండితులు నవలపై ప్రేమతో రాసినమాట నిజమే. అయినా వారి వాదం అభిమానప్రకటనగా మిగలక, మూలపాఠంలో సరిచూసుకోదగిన ఆధారాలపై నిలిచింది.

8. ముగింపు:

- ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’పై అభిప్రాయభేదం ప్రధానంగా ప్రక్రియాభేదం నుండి పుట్టింది. నవలా ప్రమాణంతో కొలిచినవారికి లోపమైనదే వీరగాథా ప్రమాణంతో కొలిచినవారికి ధర్మమైంది.

- పాఠకవర్గం మారినప్పుడల్లా వాదం స్వరూపం మారింది. 1954లో అది రచన ఏ అరకు చెందుతుందన్న ప్రశ్న. 1965 తర్వాత ఏ తరానికి చెందుతుందన్న ప్రశ్న. 1970లలో ఏ రాజకీయానికి చెందుతుందన్న ప్రశ్న. 1997 నాటికి సాహిత్యవిలువను నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్న. ఈ మార్పుల్లో ప్రచురణవ్యవస్థ, పుస్తకం వెల, హక్కుల చట్టం వంటి సాహిత్యేతర కారణాలకు గణనీయమైన పాత్ర ఉంది.

- పాఠకుని స్వేచ్ఛకు మూలపాఠం కొంతవరకు హద్దు గీస్తుంది. ఫ్రోడో వైఫల్యాన్ని గుర్తించని సమీక్ష, ఎంత పేరున్నవారిదైనా, ఆ మేరకు అసమగ్రం. స్త్రీపాత్రల కొరతను, ఓర్క్‌ల సమస్యను చూడనిరాకరించే అభిమానమూ అంతే అసమగ్రం.

- ఒక రచనను అభిరుచికి గీటురాయిగా చేయడం వల్ల చర్చ ఆగిపోతుంది. ఆడెన్ మెచ్చుకోలులోనూ, విల్సన్ తిరస్కారంలోనూ ఈ దోషం ఉంది. ఎదుటి పాఠకుని అర్హతనే ఇద్దరూ శంకించారు. ఎదుటివారు ఏ కొలమానంతో చదివారని అడిగినప్పుడు మాత్రమే భిన్నాభిప్రాయం విమర్శకు ఉపకరిస్తుంది.

విపులమైన పాఠకాదరణ ఉండి కూడా విమర్శకుల దృష్టికి అందని రచనలు ప్రతి భాషలోనూ ఉంటాయి. వాటిని పరిశోధించేవారికి టోల్కీన్ నవల చరిత్ర ఒక పద్ధతిని సూచిస్తుంది. పాఠకులు ఏమన్నారో సేకరించడంతో ఆగక, వారు దేనితో పోల్చి అలా అన్నారో, ఆ మాటకు గ్రంథంలో ఆధారమున్నదో లేదో పరిశీలించినప్పుడే అభిప్రాయాల చరిత్ర సాహిత్యచరిత్రలో భాగమవుతుంది.